ఇల్లు మారి చూడు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. ఇల్లు మారి చూడు అని మాత్రం అనలేదు. అనవలసిన అవసరం వారికి కలుగలేదు కాబోలు. తాత కట్టిన ఇంట్లో పుట్టి, ఆ ఇంటి పడమటి గదిలోనే కన్నుమూసిన తరాలవారికి ఇల్లు మారడమంటే వరదకో, కరువుకో, అప్పులవానికో లొంగి ఊరు విడిచిపోవడమే. అట్టి వేళ సామెతలు పుట్టవు. మూటాముల్లె అన్న మాట ఆనాటి సామానుకు సరిపోయింది. నేటి సంసారాలకు అది చాలదు. అద్దె ఇళ్ళలో బ్రతుకు వెళ్ళదీసే ఉద్యోగులు, అందులోను ఒకచోట ఇన్నేళ్ళని నియమం నిండగానే కదలక తప్పని ఉపాధ్యాయులు, తమ జీవితంలో ఇల్లు కట్టేది ఒకమారు, పెళ్ళి చేసేది రెండు మూడుమార్లు. ఇల్లు మారేది ఎన్నిమార్లో లెక్క చెప్పలేరు.

ఈ ఇల్లు మారడంలో ఒక విచిత్రమున్నది. సామాను లారీకెక్కే నాడు కాదు, దానికి పది పదిహేను రోజుల ముందు, అటక మీదివి దించి, ఏది ఉంచుకోవలె, ఏది పారవేయవలె అని ఏరడం మొదలుపెట్టిన నాడు ఇంట్లో ఒకరు జబ్బుపడతారు. ఆ ఒకరు సాధారణంగా ఇల్లాలు. తల దిమ్ముగా ఉంటుంది. తుమ్ములు ఆగవు. ఒళ్ళు విరిచినట్లుంటుంది. కడుపులో తిప్పుతుంది, అన్నం సయించదు, రాత్రి నిద్ర పట్టదు. మాపటివేళకు కళ్ళు మండి ఒళ్ళు వెచ్చబడుతుంది. జ్వరమానిని పెట్టి చూస్తే అంకె మామూలుగానే ఉంటుంది. తక్కినవారికి ఈ జబ్బు సమయం చూసుకొని వచ్చినట్లు తోస్తుంది. "సరిగ్గా పని ఉన్నప్పుడే నీకు రోగాలు వస్తాయి" అనే మాట ఎన్ని ఇళ్ళలో ఎన్నిమార్లు వినబడలేదు! ఆ మాట అన్నవారికి కీడు తలపెట్టే ఉద్దేశ్యం ఉండదు. అయినా అది అన్యాయమైన మాట. ఆ జబ్బు నటన కాదు, సోమరితనం కాదు. దానికి కారణాలున్నవి, వానిలో కొన్నిటిని శాస్త్రజ్ఞులు సూక్ష్మదర్శినిలో చూసి మరీ చెప్పారు.

మొదట దుమ్ము సంగతి. ఇంటి దుమ్ము కొందరికి ఉబ్బసం తెప్పిస్తుందని వైద్యులకు చిరకాలంగా తెలుసును. అందులోని ఏ వస్తువు ఆ పని చేస్తున్నదో తెలియలేదు. 1964లో హాలెండు దేశంలోని లైడెన్ నగరంలో ఊర్‌హార్స్ట్, స్పీక్స్‌మా అనే పరిశోధకులు, వారి సహచరులు, ఆ దోషి ఒక సూక్ష్మజీవి అని తేల్చారు. అది పురుగు కాదు, సాలీటి కుటుంబానికి దూరపు చుట్టం. పొడవు మిల్లీమీటరులో మూడవ వంతుకు మించదు. మన శరీరం నుండి నిత్యం రాలే చర్మపు పొట్టు దాని ఆహారం. మన పరుపులు, దిండ్లు, బొంతలు దాని నివాసం. అది కుట్టదు, కరవదు. దాని విసర్జనలోని మాంసకృత్తులు మాత్రం గాలిలో కలిసి ముక్కులోకి, ఊపిరితిత్తులలోకి పోయి, ఒంటికి పడనివారిని నానా తిప్పలు పెడతాయి. గాలిలో తేమ ఉన్నచోట ఆ జీవి వర్ధిల్లుతుంది. మన కోస్తా జిల్లాల గాలి దానికి పుట్టినిల్లు వంటిది. ఇక పాత కాగితాలకు పట్టే బూజు మరొక సంతతి. ఎనిమిదేండ్లు కదలకుండా పడి ఉన్న ట్రంకుపెట్టె ఎనిమిదేండ్లు ఎవరికీ ఏ అపకారమూ చేయలేదు; దానిని దించి, చీపురుతో దులిపి, తలుపులు మూసిన గదిలో ఒక మధ్యాహ్నమంతా దాని ముందు కూర్చున్నవారు ఆ ఎనిమిదేండ్ల బాకీని ఒక్క పూటలో తీర్చుకొంటున్నారు. చీపురుతో కొట్టిన దుమ్ము గంటల తరబడి గాలిలో తేలుతుంది. తడిగుడ్డతో తుడిచినది గుడ్డకే అంటుకొంటుంది. ముక్కుకు గుడ్డ కట్టుకొని, కిటికీలు తెరిచి, ఉబ్బసమున్నవారిని ఆ గదిలోకి రానీయకుండా పని చేయడానికి ధనవ్యయమేమీ లేదు. పావురాలు గూళ్ళు పెట్టిన అటకల విషయంలో ఈ జాగ్రత్త రెట్టింపు కావలె. ఆ రెట్టల పొడి ఊపిరితిత్తులను పాడుచేస్తుందని వైద్యులు చెప్పినది ఊరకనే కాదు.

దుమ్ముకు తోడు పస్తు. "పని తెమిలిన తరువాత తింటాను" అని మన స్త్రీలు అంటారు. ఆ పని తెమలదు. వంటింటి సామాను సగం గోనెసంచులలోకి పోయి ఉంటుంది గనుక కాఫీతోనే పొద్దు గడుస్తుంది. నీళ్ళు తాగడం కూడా జ్ఞాపకముండదు. అటువంటి ఒంటితో వంగి లేచి, ఇనుప బీరువా జరిపి, పుస్తకాల పెట్టె ఎత్తితే తలనొప్పి, నడుమునొప్పి రాకపోతే ఆశ్చర్యపడవలె గాని వస్తే ఎందుకు?

ఇక్కడ నవ్వులాట కాని మాట ఒకటి చెప్పవలసి ఉన్నది. నాకు తెలిసిన ఒక ఉపాధ్యాయిని వేసవిలో బదిలీ అయి సామాను సర్దుకొంటున్నది. సాయంకాలానికి వెన్నులో నొప్పి, వాంతి వచ్చినట్లుండడం, ఎన్నడూ లేని నిస్సత్తువ. బీరువా జరిపినందువల్ల నరం పట్టిందని ఒకరు, పొద్దుటినుంచి తినక వాయువు చేసిందని మరొకరు నిర్ణయించారు. సోడా తెప్పించి ఇచ్చారు. ఆమె కూడా వారితో ఏకీభవించి పడుకొన్నది. తెల్లవారి ఆసుపత్రికి తీసికొనిపోతే గుండెపోటు అన్నారు. ఆమె బ్రతికింది. గుండె కండరంలో ఆ రాత్రి చచ్చిన భాగం మాత్రం తిరిగి బ్రతకలేదు. గుండెపోటు రాగానే రొమ్ము పట్టుకొని కూలిపోవడం చలనచిత్రాలలో చూసి మనం నేర్చుకొన్న లక్షణం. స్త్రీలలో అది తరచుగా ఆయాసంగా, వాంతిగా, వెన్ను నొప్పిగా, దవడ నొప్పిగా, కారణం లేని అలసటగా కనబడుతుంది. సామాను సర్దే ఇంట్లో ఈ లక్షణాలన్నిటికీ ఒక్కొక్క సాకు సిద్ధంగా ఉంటుంది. అదే ప్రమాదం. వేళాకోళం చేసే ఇంట్లో జబ్బుపడినవారు తమ జబ్బును తామే నమ్మడం మానివేస్తారు.

అయితే దుమ్ము, పస్తు, బరువు, ఇవి మూడూ కలిసినా సగమే. సంక్రాంతికి బూజులు దులిపినప్పుడు లేచే దుమ్ము ఇంతకన్న తక్కువేమీ కాదు. అయినా ఆ సాయంకాలం ఒళ్ళు నొప్పులున్నా మనస్సు తేలికగానే ఉంటుంది. ఎందుకంటే సంక్రాంతినాడు దులిపిన వస్తువు తిరిగి తన చోటికి పోతుంది. ఇల్లు మారేటప్పుడు ప్రతి వస్తువూ చేతిలోకి వచ్చి నిలబడి, నన్నేమి చేస్తావు అని అడుగుతుంది. కమ్మి విరిగిన గొడుగు, పిల్లవాడు అక్షరాలు దిద్దిన పలక, ఏ తాళానిదో తెలియని తాళంచెవి, పోయిన అత్తగారి కళ్ళజోడు, చెల్లిపోయిన కరెంటు రసీదులు, చెల్లిపోయినవో కాదో తెలియని బీమా కాగితాలు. ఒక రోజులో ఇట్టివి మూడు నాలుగు వందలు. మూడు నాలుగు వందల తీర్పులు ఒక రోజున చెప్పవలసివస్తే హైకోర్టు న్యాయమూర్తి కూడా మంచమెక్కుతాడు.

పైగా ఆ తీర్పులు చెప్పగలవారు ఇంట్లో ఒక్కరే ఉంటారు. దాచినవారికే ఎందుకు దాచారో తెలుసును. తక్కినవారు సాయానికి వస్తారు; వచ్చి, నిమిషానికొకటి చొప్పున చేతికి దొరికిన వస్తువు పైకెత్తి, "ఇది పారెయ్యనా?" అని అడుగుతారు. వారు మోసేది వస్తువును మాత్రమే. ప్రశ్నను ఆమె మీద దించి పోతున్నారు. అది సాయమని నేనొప్పుకోను. వంట తాము చేసి, పిల్లలను తాము చూసుకొని, ఆమెకు ఆ తీర్పులు చెప్పే తీరికను కల్పించడం సాయం. ఆమె పెరట్లోకి పోయిన సమయం చూసి నాలుగు సంచులు చెత్తబండిలో వేయడం సాయం కాదు సరికదా, అది ఒకవిధమైన దొంగతనం. చాలమంది భర్తలు, కొందరు కుమారులు దానిని చమత్కారంగా చెప్పుకొంటారు.

వస్తువు మీద మమకారం అజ్ఞానమని మన వేదాంతులు చెప్పిన మాట నాకు తెలియకపోలేదు. కాని ఆ అజ్ఞానం చదువుకొన్నవారికి లేదనుకోరాదు. కాహ్నెమన్, నెట్ష్, థేలర్ అనే పండితులు 1990లో ప్రకటించిన ప్రయోగమొకటి ప్రసిద్ధమైనది. విశ్వవిద్యాలయ విద్యార్థులలో సగంమందికి మామూలు కాఫీ లోటాలు ఉచితంగా ఇచ్చారు. కొంతసేపటికి వానిని అమ్ముకోవచ్చునన్నారు. లోటా లేనివారు కొనడానికి ఇవ్వజూపిన వెలకు రెట్టింపు పైచిలుకు లేనిదే ఉన్నవారు అమ్మడానికి ఒప్పుకోలేదు. గంట క్రితం ఆ లోటా ఎవరిదో వారికి తెలియదు. ఒక గంట కాపురానికే అంత మమకారమైతే ముప్పదియేండ్లు కాగిన ఇత్తడి గుండిగ సంగతేమిటి?

ఈమధ్య సామాను తగ్గించుకొనడం ఒక విద్యగా బోధించే గురువులు బయలుదేరారు. జపాను దేశపు మేరీ కొండో అనే ఆమె పుస్తకం 2014లో ఇంగ్లీషులోకి వచ్చి లోకమంతటా అమ్ముడుపోయినది. వస్తువును చేతిలోకి తీసికొని, అది ఆనందం కలిగిస్తున్నదా అని చూసి, కలిగించనిదానికి కృతజ్ఞత చెప్పి పంపివేయవలెనని ఆమె ఉపదేశం. కృతజ్ఞత చెప్పడం నాకు నచ్చినది. ఆనందపరీక్ష మాత్రం మన ఇళ్ళకు కుదరదు. అత్తగారి కళ్ళజోడు చూస్తే ఎవరికి ఆనందం కలుగుతుంది? రేషను కార్డు ఎవరికి ఆనందం? ఆనందమివ్వక పోయినా ఉంచుకోవలసినవే ఇంటిలో ఎక్కువ. మన భోగిమంట ఇంతకంటె తెలివైన ఏర్పాటు. ఏడాదికొకమారు, ఇంటికి రెండు మూడు వస్తువులు, నలుగురి మధ్య, పిల్లల కేకల మధ్య. పోగు పెరగనీయకుండా ఏటేటా తగ్గించుకొనే పద్ధతి అది. టైర్లు, ప్లాస్టిక్కు దానిలో పడవేసి ఊరి గాలిని విషం చేయడం మనం తరువాత కలిపిన అందం.

ఇక ఈ జబ్బులో లోతైన పొర ఒకటి ఉన్నది. దానికి మన భాషలో చక్కని మాట ఉన్నది: బెంగ. పిల్లవాణ్ణి హాస్టలులో దింపివస్తే నాలుగవనాటికి కబురు వస్తుంది, "బెంగపెట్టుకొని జ్వరం తెచ్చుకొన్నాడు" అని. ఈ వాక్యాన్ని ఏ తెలుగుతల్లీ శాస్త్రజ్ఞుని అనుమతి అడిగి అనలేదు. మనస్సుకు తగిలిన దెబ్బ ఒంటిమీద కనబడుతుందని ఆమెకు సందేహమే లేదు. ఐరోపాలో ఈ సంగతికి వైద్యగ్రంథంలో చోటు దొరికినది 1688లో. స్విట్జర్లాండుకు చెందిన యోహాన్నెస్ హోఫర్ అనే వైద్యవిద్యార్థి బేసెల్ విశ్వవిద్యాలయంలో సమర్పించిన సిద్ధాంతవ్యాసంలో, ఇల్లు విడిచి దూరదేశం పోయినవారికి వచ్చే వ్యాధికి నాస్టాల్జియా అని పేరు పెట్టాడు. ఇంటికి మరలడం, నొప్పి అనే అర్థాలు గల రెండు గ్రీకు పదాలను అతికి కుట్టిన మాట అది. నిద్ర లేకపోవడం, ఆకలి చావడం, గుండె దడ, జ్వరం వంటివి దానికి లక్షణాలు. నేడు ఆ మాటకు వ్యాధి అన్న అర్థం పోయి పాత పాటలు వినే సరదా అన్న అర్థం మిగిలింది. మన బెంగ ఇప్పటికీ బెంగగానే ఉన్నది.

అయితే మనవారు బెంగను వెళ్ళిన తరువాత వచ్చేదానిగానే గుర్తించారు. కొత్త ఊళ్ళో ఒళ్ళు బాగులేకపోతే నీళ్ళు పడలేదంటారు, గాలి మార్పు అంటారు. వెళ్ళకముందే, పాత ఇంట్లో ఉండగానే, ఆ ఇంటి గోడలు బోసిపోతుంటే పట్టుకొనే బెంగకు పేరు లేదు. పేరు లేదు గనుక అది దుమ్ము ఖాతాలో పడుతున్నది. ఆచారం కూడా దీనిని పట్టించుకొన్నట్లు లేదు. ప్రవేశించే ఇంటికి గృహప్రవేశమున్నది: ముహూర్తం, పాలు పొంగించడం, దేవుని పటం ముందు, దీపం వెంట, బియ్యం, ఉప్పు, పసుపు, ఆషాఢం పనికిరాదు, పుష్యం పనికిరాదు అనే నియమాలు. వదిలే ఇంటికి ఏమున్నది? గోడల మేకులు పీకడం, యజమానికి తాళాలిచ్చి అడ్వాన్సు తిరిగి అడగడం. పెళ్ళికూతురిని పంపడానికి అప్పగింతలు పెట్టిన జాతి, బిడ్డలు పుట్టి పెరిగిన ఇంటికి అప్పగింతలు పెట్టలేదు. అద్దె ఇల్లు మన ఇల్లు కాదు గదా అనవచ్చును. పిల్లవాని ఎత్తు కొలిచి పెన్సిలుతో గీతలు గీసిన ద్వారబంధం ఎవరిదో ఆ గీతలకు తెలియదు.

1967లో అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ హోమ్స్, రిచర్డ్ రాహే అనే వైద్యులు ఒక పట్టిక ప్రకటించారు. జబ్బుపడినవారి చరిత్రలు పరిశీలించి, జబ్బుకు ముందు వారి జీవితాలలో ఏ మార్పులు వచ్చాయో చూసి, నలభైమూడు సంఘటనలకు మార్కులు వేశారు. జీవితభాగస్వామి మరణానికి 100. పెళ్ళికి 50. ఉద్యోగ విరమణకు 45. నివాసం మారడానికి 20. ఇరవయ్యే గదా అని తోస్తుంది. కాని బదిలీ అయిన ఉపాధ్యాయుని లెక్క అక్కడ ఆగదు. పిల్లల బడి మార్పు 20, పని పరిస్థితుల మార్పు 20, జీవన పరిస్థితుల మార్పు 25, సామాజిక కార్యకలాపాల మార్పు 18. కూడితే 103. భార్యాభర్తల వాదులాటల సంఖ్యలో మార్పుకు ఆ పట్టిక 35 ఇచ్చింది. సామాను సర్దే దినాలలో దానిని కూడా కలపవలెనా అనే ప్రశ్నకు ఎవరి ఇంటి సమాధానం వారిది. ఈ పట్టిక మోటుదే. ఒకే మార్పు ఒకరికి పీడ, ఒకరికి విడుదల కావచ్చుననే సంగతిని అది తూచలేదని తరువాతివారు ఆక్షేపించారు, ఆక్షేపణ న్యాయమైనదే. చెడ్డ ఇంటి యజమాని పీడ వదిలించుకొని పోయేవానికి 20 మార్కులు వేయడం హాస్యాస్పదం. అయినా ఇల్లు మారడమనే మామూలు పనిని మరణం, వివాహం ఉన్న జాబితాలో చేర్చి గౌరవించినందుకు ఆ ఇద్దరు వైద్యులకు ఋణపడి ఉన్నాము.

మన ఆంధ్రదేశంలో ప్రభుత్వమే మూడుమార్లు ఇల్లు మారింది. 1953 అక్టోబరు 1న మద్రాసు విడిచి కర్నూలు చేరింది. కచేరీలు డేరాలలో నడిచినవి. 1956 నవంబరు 1న హైదరాబాదు రాజధాని అయినది. 2014లో రాష్ట్రం రెండైన తరువాత, 2016లో ఆంధ్రప్రదేశ్ సచివాలయం అమరావతికి కదిలింది. దస్త్రాలు ఎట్లా కట్టారు, ఎట్లా మోశారు అన్నదానికి ఉత్తర్వులు ఉంటవి. ఆ గుమస్తాల ఇళ్ళలో వంటపాత్రలు ఎవరు కట్టారు, ఎవరికి జ్వరం వచ్చింది అన్నదానికి దస్త్రముండదు. 2016లో మాత్రం కదలివచ్చిన ఉద్యోగులకు వారానికి ఐదు రోజుల పని ఏర్పాటుచేశారు. కుటుంబాలను హైదరాబాదులోనే ఉంచి వచ్చినవారు శని, ఆదివారాలు పోయిరావడానికి అది వీలైంది. ఇల్లు కదలడం ఒక ఉత్తర్వుతో అయ్యే పని కాదని ప్రభుత్వం ఒప్పుకొన్న అరుదైన సందర్భాలలో ఇది ఒకటని నా అభిప్రాయం. శిలల విషయంలో ఆ జ్ఞానం ముందే ఉన్నది. నాగార్జునసాగరంలో మునిగిపోనున్న నాగార్జునకొండ లోయను 1954 నుండి 1960 వరకు తవ్వి, ముఖ్యమైన కట్టడాలను కొండ మీదను, అనుపు వద్దను తిరిగి నిలబెట్టారు. ఆరేండ్లు. అద్దె ఇంటి సంసారానికి ఒక నెల గడువు.

ఇక అన్నిటికన్న నాకు బాధ కలిగించే సన్నివేశం ఒకటున్నది; మన పట్టణాలలో అది ఏటేటా పెరుగుతున్నది. పదవీవిరమణ చేసిన తెలుగు పండితుడు. పెద్ద పెంకుటిల్లు. పిల్లలు అమెరికాలోనో, బెంగుళూరులోనో. వృద్ధులిద్దరూ ఒంటరిగా ఉండలేరని, ఇల్లు అమ్మి వారిని చిన్న ఫ్లాటులోకి మార్చడానికి కుమారుడు మూడువారాల సెలవు మీద వస్తాడు. మంచి కుమారుడే. అతని సెలవు తరిగిపోతున్నది. ఇల్లు నిండా పుస్తకాలు. పాత కాగితాలు కొనేవాడు తక్కెడతో వచ్చి వరండాలో కూర్చుంటాడు. లోపల మంచం మీద పెద్దాయనకు రెండు రోజులుగా ఒంట్లో బాగులేదు. డాక్టరు చూసి ఏమీ లేదన్నాడు. ఉన్నదేమిటో ఆ తక్కెడలో ఉన్నది.

ఆ కట్టలలో ఏమున్నవో కుమారునికి తెలియకపోవడం అతని తప్పు కాదు. 1924లో మొదలై 1991లో ఆగిపోయిన భారతి సంచికలు ఉండవచ్చును. 1928లో కేసరిగారు ప్రారంభించిన గృహలక్ష్మి ఉండవచ్చును. 1947 నాటి తొలి చందమామలు, పాఠశాల వార్షిక సంచికలు, ఊరి గ్రంథాలయ సభల కరపత్రాలు, ఎవరూ అచ్చువేయని స్థలపురాణపు నకలు ఉండవచ్చును. ఇట్టి వస్తువులు మన దేశంలో రాజభవనాలలో కన్న అటకల మీదనే ఎక్కువగా మిగిలినవి. పందొమ్మిదవ శతాబ్దిలో చార్లెస్ ఫిలిప్ బ్రౌను కడపలో పండితులను, లేఖకులను పెట్టుకొని సొంత ధనంతో సేకరించిన తాళపత్రాలు ఎక్కువభాగం ఇళ్ళలోనుండి వచ్చినవే గాని గ్రంథాలయాలలోనుండి కాదు. అటక మీద అవి అంతవరకు ఉండబట్టి గదా అతనికి దొరికినవి! ఆ కాలపు గృహిణులు సామాను తగ్గించుకొనే విద్యలో ఆరితేరి ఉంటే మన సాహిత్యచరిత్ర మరింత సన్నగా ఉండేది.

కనుక అన్నీ ఉంచుకోవలెనని నా వాదం కాదు. ఫ్లాటులో చోటు లేదన్నది నిజం. చెదపురుగుకు చదువు మీద గౌరవం లేదన్నదీ నిజం. తూకానికి వేయకముందు చూడవలసినవారు చూడవలెనని మాత్రమే. 1918లో స్థాపితమైన వేటపాలెం సారస్వత నికేతనం పాత పత్రికలను కాపాడడంలో పేరుపొందినది. రాజమహేంద్రవరంలో గౌతమీ గ్రంథాలయమున్నది. హైదరాబాదులో 1901 నాటి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమున్నది. ఆ ఊరి జిల్లాపరిషత్తు ఉన్నత పాఠశాలలో ఒక తెలుగు ఉపాధ్యాయుడు ఉంటాడు; ఆయనకు కబురుచేస్తే ఇద్దరు విద్యార్థులను వెంటబెట్టుకొని ఒక ఆదివారం వచ్చి పట్టిక రాసి ఇవ్వడా? ఇస్తాడనే నా నమ్మకం. ఆ పట్టిక రాసేటప్పుడు పెద్దాయనను కుర్చీవేసి పక్కన కూర్చోబెట్టవలె. ఇది ఎక్కడ కొన్నాను, ఇది ఎవరిచ్చారు అని ఆయన చెబుతూ ఉంటే ఆ పిల్లలు రాసుకోవలె. ఒక ఇంట్లో ఇట్లా జరగడం నేను చూశాను. మంచమెక్కిన మనిషి మూడవ పెట్టె తెరిచేసరికి మజ్జిగ అడిగి తాగాడు. పుస్తకాలు ఆ ఇల్లు విడిచి పోయినవి, ఆయనా పోయాడు. కాని తక్కెడలో పోలేదు.

ఉపాధ్యాయులకు ఇందులో మరొక పని ఉన్నది. హోమ్స్, రాహేల పట్టిక పెద్దవారి కోసం చేసినది. ఇల్లు మారేటప్పుడు పిల్లలను ఎవరూ అడగరు. వారు బడికి పోయిన వేళ చూసి వారి గోళీల డబ్బా, అగ్గిపెట్టె బొమ్మలు, చక్రం ఊడిన లారీ ముందుగా పారవేస్తారు. వానికి వెల లేదు గదా అని. తిరిగివచ్చి అడిగితే కొత్త ఊళ్ళో కొత్తవి కొంటామంటారు. ఆ రాత్రి పిల్లవానికి కడుపునొప్పి వస్తుంది. జూన్‌లో బడులు తెరిచినప్పుడు హాజరుపట్టీ చివర కొత్తగా చేరిన పేర్లు నాలుగైదు ఉంటవి. వారిలో ఒకడు మొదటి వారంలోనే రెండుమార్లు తలనొప్పి అని బల్ల మీద తల వాల్చుతాడు. బడి ఎగ్గొట్టే ఎత్తు అని అనుభవజ్ఞులైన ఉపాధ్యాయులు కూడా తొందరపడి అనడం కద్దు. అతడు ఏ ఊరినుండి వచ్చాడు, ఆ ఇంట్లో ఏ చెట్టు ఉండేది, ఎవరి పక్కన కూర్చునేవాడు అని రెండు నిమిషాలు అడిగేవారు ఉంటే ఆ తలనొప్పి ఏ రకానిదో తెలిసిపోతుంది. నిజమైన జ్వరమే అయితే అదీ బయటపడుతుంది.

ఆ నెలలో మన బడులన్నిటిలోను "వేసవి సెలవులు నేను గడిపిన విధము" అని వ్యాసం రాయిస్తారు. పాతవారికి అది ఉండనే ఉన్నది. కొత్తగా చేరినవారికి దానికి బదులు "మేము విడిచివచ్చిన ఇల్లు" అని ఇచ్చి చూడవచ్చును. ఆ కాగితాలకు మార్కులు వేయకుండా ఉంటే మరీ మంచిది.